సాగే బట్టతో ఇంట్లోనే లెగ్గింగ్స్ కుట్టుకోవడం

లెగ్గింగ్స్ బిగుతుగా ఉన్నాయని బాధపడేవారిలో చాలామందికి అసలు ఇబ్బంది బిగుతు వల్ల రాదు. నిలబడినప్పుడు చక్కగా అమరిన లెగ్గింగ్స్, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగానే వెనక నడుము దగ్గర కిందికి జారుతాయి, తొడల మధ్య గుంజుతాయి, తిరిగి లేచాక మోకాళ్ల దగ్గర వదులై వేలాడుతాయి. మొదటి రెండూ కత్తిరింపులో ఉన్న లోపాలు, మూడోది బట్టలో ఉన్న లోపం. అంగట్లో దొరికేవి మూడు నాలుగు సైజుల్లో, బట్ట ఎలాగూ సాగుతుందన్న ధీమాతో కుట్టినవి కాబట్టి వాటిలో వెనక భాగం ఎత్తును ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోరు. ఇంట్లో కుట్టుకుంటే ఆ ఎత్తు మన చేతిలో ఉంటుంది. జాకెట్టు, చుడీదారు కుట్టడం వచ్చినవారికి ఇది కష్టమైన పనేమీ కాదు. పక్క కుట్టు లేకుండా కాలికి ఒక్క ముక్క చొప్పున కత్తిరించుకుంటే, మొత్తం మీద ఉండేవి మూడు కుట్లు, నడుము పట్టీ, కాళ్ల అంచులు, అంతే.

ఈ వ్యాసంలో ఇచ్చే కొలతలన్నీ మా వదినవి. ఆమె అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్లలతో నేల మీద కూర్చోవడం, లేవడం, వంగడమే ఆమె పని కావడం వల్ల, ఆమెకు సరిపడేలా కుట్టిన లెగ్గింగ్స్ మామూలుగా ఇంటి పని చేసుకునేవారికి కూడా తప్పకుండా సరిపోతాయి. మీ కొలతలు వేరుగా ఉంటాయి కనుక లెక్క కట్టే పద్ధతిని మాత్రం తీసుకుని, అంకెలను మీవి వేసుకోవాలి.

ముందు బట్ట సంగతి చూడాలి, ఎందుకంటే బట్ట తప్పుగా తెచ్చుకుంటే ఎంత జాగ్రత్తగా కత్తిరించినా ప్రయోజనం ఉండదు. చుడీదారు ప్యాంటును ఏటవాలుగా, అంటే క్రాస్‌గా కత్తిరిస్తాం. మగ్గం మీద నేసిన బట్ట నిలువుకూ అడ్డానికీ సాగదు, మూలకు మాత్రమే కొంచెం సాగుతుంది కాబట్టి ఆ పద్ధతి వచ్చింది. లెగ్గింగ్స్‌కు వాడేది నేసిన బట్ట కాదు, బనియన్ బట్టలాగా ఉచ్చులు ఉచ్చులుగా అల్లిన హోజరీ బట్ట. ఆ అల్లికలో ఎలాస్టేన్ దారాన్ని కలిపినప్పుడు బట్ట సాగడమే కాకుండా సాగిన తర్వాత తిరిగి మొదటి కొలతకు వస్తుంది. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షైవర్స్ రూపొందించిన ఆ దారాన్నే మనం లైక్రా అన్న వ్యాపారనామంతో పిలుస్తున్నాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, చెమటను పీల్చుకోని పాలియెస్టర్ లైక్రాను, అది ఎంత నున్నగా ఉన్నా, రోజూ వేసుకునే లెగ్గింగ్స్‌కు నేను సిఫారసు చేయను. విస్కోస్ లైక్రా చల్లగానే ఉంటుంది గానీ, తొడలు రాసుకునే చోట త్వరగా ఉండలు కడుతుంది. నూటికి 95 వంతులు పత్తి, 5 వంతులు లైక్రా కలిసిన కాటన్ లైక్రా మన వాతావరణానికి తగినది. దాని మందం చదరపు మీటరుకు 180 నుంచి 220 గ్రాముల మధ్య ఉండాలి. అంతకన్నా పలచనిదైతే వంగినప్పుడు లోపలి బట్టలు కనబడతాయి.

ఆదోనిలో పత్తి దండిగా అమ్ముడవుతున్నా, హోజరీ బట్ట కోసం మాత్రం అందరూ తిరుప్పూరు వైపే చూస్తారు. మన ఊళ్లలోని అంగళ్లకు వచ్చేసరికి తానుల మీద వివరాల చీటీ సాధారణంగా ఉండదు. అనంతపురం పాతూరులో గానీ, ప్రొద్దుటూరులో గానీ కొనేటప్పుడు అంగడివారిని శాతాలూ గ్రాములూ అడిగే బదులు మనమే చేత్తో పరీక్ష చేసుకోవడం మేలు. బట్టను అంచు దగ్గర కాకుండా కొంచెం లోపలికి మడిచి, ఆ మడత మీద అడ్డంగా నాలుగు అంగుళాలు టేపుతో కొలిచి, రెండు చివరలా వేళ్లతో పట్టుకుని లాగాలి. పెద్ద బలం పెట్టకుండానే అది ఆరు అంగుళాల దాకా సాగాలి. అలా సాగదీసి పది అంకెలు లెక్కపెట్టి వదిలితే తిరిగి నాలుగు అంగుళాలకు రావాలి. నాలుగుంపావు దగ్గర ఆగిపోయిందంటే ఆ బట్టతో కుట్టిన లెగ్గింగ్స్ మధ్యాహ్నానికల్లా మోకాళ్ల దగ్గర వదులైపోతాయి. ఎంత సాగుతుందన్న దానికన్నా ఎంత తిరిగి వస్తుందన్నదే ముఖ్యం, అంగట్లో ఈ ఒక్క పరీక్షకు రెండు నిమిషాలు పెట్టడానికి మొహమాటపడకూడదు. తరవాత అదే పరీక్ష నిలువుగా కూడా చేసి, నాలుగు అంగుళాలు కనీసం నాలుగున్నర దాకా సాగుతున్నదీ లేనిదీ చూడాలి. చివరగా సాగదీసిన బట్ట వెనక చెయ్యి పెట్టి వెలుతురుకేసి పట్టుకుంటే వేళ్ల ఆకారం స్పష్టంగా తెలియకూడదు.

బట్ట పన్నా 60 అంగుళాలు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, మధ్యస్తమైన ఎత్తు ఉన్నవారికి ఒకటింపావు మీటరు చాలు, పొడగరులు ఒకటిన్నర మీటరు తీసుకోవాలి. ఇంటికి తెచ్చిన బట్టను కత్తిరించే ముందు ఒకసారి తడిపి ఉతికి ఆరబెట్టడం తప్పనిసరి. పత్తి కలిసిన అల్లిక బట్ట మొదటి ఉతుకులో నిలువుగా కుంచించుకుపోతుంది, ఆ కుంచింపు కుట్టకముందే జరిగిపోవాలి. నడుముకు వేసే ఎలాస్టిక్‌ను కూడా అదే బకెట్టులో నానబెట్టండి.

కొలతలు తీసుకునేటప్పుడు పలచని బట్టలు వేసుకుని, టేపు ఒంటికి ఆనుతూ, బిగించకుండా పట్టుకోవాలి. మా వదిన కొలతలు ఇవి: నడుము 34 అంగుళాలు, పిరుదుల దగ్గర అన్నిటికన్నా వెడల్పైన చోట చుట్టుకొలత 40, తొడ పైభాగం 23, మోకాలు 15, పిక్క 14, చీలమండ 9, నడుము నుంచి మోకాలి దాకా 22, చీలమండ దాకా 37. వీటితో పాటు అంగట్లో కొన్నవాటిలో మనకు దక్కని కొలత ఒకటుంది. చదునైన కుర్చీ మీద నిటారుగా కూర్చుని, పక్క నుంచి నడుము దగ్గర మొదలుపెట్టి కుర్చీ పలక దాకా టేపు దించాలి. మా వదినకు అది 10 అంగుళాలు వచ్చింది. దీనికి అరంగుళం కలిపి పదిన్నరను కూర్చునే ఎత్తుగా వాడుకుందాం. మరొక కొలత మడమది. పాదాన్ని ముందుకు సాచి, మడమ మీదుగా పాదం మెడను చుట్టి కొలిస్తే ఆమెకు పన్నెండున్నర వచ్చింది. లెగ్గింగ్స్ కాలి అంచు చీలమండకు సరిపోవడంతో పాటు ఆ మడమ మీదుగా దూరాలి కూడా, కాబట్టి ఈ కొలతను మరిచిపోకూడదు.

ఇప్పుడు పాత దినపత్రికలను అతికించి రెండుంపావు అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల పొడవు ఉన్న కాగితం తయారు చేసుకుని, పైన మూడున్నర అంగుళాలు వదిలి, మధ్యలో నిలువుగా ఒక గీత గీయాలి. ఇది కాలి పక్క భాగం, ఇక్కడ కుట్టు రాదు. గీతకు ఎడమ వైపు ముందు భాగం, కుడి వైపు వెనక భాగం. గీత పైకొసను నడుము అనుకుని, అక్కడి నుంచి పదిన్నర అంగుళాల దగ్గర కూర్చునే ఎత్తుకు, 22 దగ్గర మోకాలికి, 37 దగ్గర చీలమండకు అడ్డగీతలు గీయాలి. పిక్క గీత మోకాలికి నాలుగైదు అంగుళాల కింద వస్తుంది.

సాగే బట్ట కనుక ఒంటి కొలత కన్నా కాగితం మీద కొలత తక్కువ ఉండాలి. పిరుదుల కొలతలో పదోవంతు తగ్గిస్తే 40కి 36 వస్తుంది, అందులో సగం 18 ఒక కాలికి. దీన్ని సమంగా పంచకుండా ముందుకు ఎనిమిదిన్నర, వెనకకు తొమ్మిదిన్నర ఇవ్వాలి. నడుము గీత నుంచి కూర్చునే ఎత్తు గీత దాకా ఆ దూరాల్లో రెండు నిలువు గీతలు గీసి, కింది గీత మీద ముందు వైపు ఒకటింపావు అంగుళం, వెనక వైపు రెండుముప్పావు అంగుళాలు బయటికి పొడిగించాలి. కాళ్లు రెండూ కలిసే చోట ఒంటి కిందుగా వెళ్లే భాగం ఇదే. మొత్తం వెడల్పు ఇప్పుడు 22 అయింది. తొడ కొలత 23 కన్నా ఒక అంగుళం తక్కువ, సరిగ్గా ఉండవలసినంత. మీ లెక్కలో ఇది తొడ కొలత కన్నా రెండు అంగుళాలకు మించి తక్కువ వస్తే, ఆ తేడాను వెనక పొడిగింపులోనే కలపాలి.

వెనక పొడిగింపు చివరి బిందువును అరంగుళం కిందికి దించండి. లేకపోతే లోపలి కుట్టు కుట్టేటప్పుడు వెనక అంచు ముందు అంచు కన్నా బాగా పొడవవుతుంది. నడుము దగ్గర ముందు నిలువు గీతను అరంగుళం లోపలికి, అరంగుళం కిందికి తేవాలి. వెనక నిలువు గీతను ఒకటింపావు అంగుళం లోపలికి తెచ్చి, ఒకటిన్నర అంగుళం పైకి లేపాలి. మొదట చెప్పిన జారుడుకు మందు ఈ ఒకటిన్నర అంగుళమే. కూర్చున్నప్పుడు వీపు కింది భాగం నుంచి పిరుదుల మీదుగా ఒంటి పొడవు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడవుకు బట్ట ఎక్కడి నుంచో రావాలి. బట్ట లేనప్పుడు నడుము పట్టీ కిందికి దిగుతుంది, తొడల మధ్య బట్ట పైకి గుంజుకుంటుంది. ఎక్కువ సేపు నేల మీద కూర్చునేవారు రెండు అంగుళాల దాకా కూడా లేపుకోవచ్చు. ఈ రెండు బిందువులనూ కలుపుతూ నడుము గీతను వాలుగా, విరుపులు లేకుండా గీసి, ముందు వంపును కింది గీతకు మూడు అంగుళాల పై నుంచి, వెనక వంపును నాలుగు అంగుళాల పై నుంచి మొదలుపెట్టి పొడిగింపుల చివరలకు గుండ్రంగా కలపాలి.

కింది భాగం తేలిక. మోకాలు 15కు 14, పిక్క 14కు 13, చీలమండ 9కి ఎనిమిదిన్నర తీసుకుని, ప్రతి కొలతనూ మధ్య గీతకు ఇరువైపులా సగం సగం గుర్తించి, పై నుంచి కింది దాకా మెత్తని వంపుతో కలపాలి. జిగ్‌జాగ్ లేని మిషన్ మీద కుట్టేవారు చీలమండను తొమ్మిదిన్నర ఉంచుకోవాలి. ఎనిమిదిన్నర అంచు పన్నెండున్నర మడమ మీదుగా దూరాలంటే దాదాపు సగం సాగాలి, మామూలు కుట్టు అంతగా సాగలేక తెగిపోతుంది. చివరగా చుట్టూ కుట్టుకు అరంగుళం, నడుము దగ్గర ఒకటిన్నర అంగుళం, కాలి అంచుకు ఒక అంగుళం కలిపి కాగితాన్ని కత్తిరించండి. ముందూ వెనకా చూడటానికి ఒకేలా కనబడతాయి కాబట్టి వెనక వైపు రెండు గాట్లు పెట్టుకోవడం మంచిది.

బట్టను పరిచేటప్పుడు మంచి వైపు లోపలికి ఉండేలా నిలువుగా మడవాలి. నల్ల బట్టలో ఏది మంచి వైపో తెలియకపోతే, తాను నుంచి కోసిన అంచును అడ్డంగా లాగి చూస్తే అది మంచి వైపుకు చుట్టుకుంటుంది. బాగా సాగే దిశ ఒంటి చుట్టూ రావాలి, అల్లికలో సన్నగా కనిపించే నిలువు చారలు కాలి పొడవునా రావాలి. అల్లిక బట్ట బల్ల అంచు నుంచి వేలాడితే దాని బరువుకే సాగి కొలత తప్పుతుంది కనుక, నేల మీద పూర్తిగా పరిచి, కాగితం కదలకుండా బరువులు పెట్టి, చాక్‌తో గీసి కత్తిరించాలి.

కుట్టే ముందు సూది మార్చండి. మామూలు సూది మొన ఉచ్చుల దారాన్ని పొడుచుకుంటూ పోతుంది, అక్కడ చిల్లులు పడి ఉతికే కొద్దీ పెద్దవవుతాయి. గుండ్రని మొన ఉన్న 11 నంబరు బాల్‌పాయింట్ సూది దారాలను పక్కకు తప్పించుకుని దిగుతుంది. మిషన్ కుట్లు తప్పుతున్నప్పుడు కూడా చాలాసార్లు ఈ సూది మారిస్తేనే సరిపోతుంది. దారం పాలియెస్టర్‌దే వాడాలి, నూలు దారం లాగుడుకు తెగుతుంది.

జిగ్‌జాగ్ ఉన్న మిషన్ మీద సన్నని జిగ్‌జాగ్ పెట్టుకుంటే చాలు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది కాలితో తొక్కే నల్ల మిషన్, దాని మీద కూడా ఈ పని నిక్షేపంగా జరుగుతుంది. కుట్టు పొడవును చిన్నది చేసి, పై దారం బిగువును కొంచెం వదులు చేసి, పాదం ఒత్తిడి తగ్గించే మర ఉంటే దాన్ని కూడా ఒక చుట్టు వదులు చేసి, పాదానికి ముందూ వెనకా బట్టను రెండు చేతులతో లేతగా లాగి పట్టుకుంటూ కుట్టాలి. అలా సాగదీసి కుట్టినప్పుడు కుట్టులో ఎక్కువ దారం పడుతుంది, ఒంటి మీద బట్ట సాగినప్పుడు ఆ దారమే అక్కరకు వస్తుంది. మరీ లాగితే అంచు అలలు అలలుగా తేలుతుంది, లాగకపోతే మొదటిసారి కూర్చోగానే కుట్టు పటపటమని విడిపోతుంది. ఎంత లాగాలో మాటల్లో చెప్పడం కష్టం కనుక తుండు ముక్క మీద నాలుగు అంగుళాల కుట్టు వేసి, ఆరు అంగుళాల దాకా లాగి చూడండి. దారం తెగకుండా ఉండి, వదిలాక అంచు చదునుగా పడుకుంటే అదే సరైన లాగుడు. ప్రతి కుట్టుకూ పక్కనే మరో వరస వేయాలి. అల్లిక బట్ట అంచు నేసిన బట్టలాగా పోగులు ఊడదు కాబట్టి ఓవర్‌లాక్ తప్పనిసరి కాదు. చీరలకు పీకో, జిగ్‌జాగ్ చేసే అంగడి దగ్గరలో ఉంటే లోపలి అంచులకు అక్కడ జిగ్‌జాగ్ వేయించుకుంటే మరింత గట్టిగా ఉంటుంది.

వరస ఇలా ఉండాలి. ఒక్కొక్క కాలి ముక్కను మంచి వైపు లోపలికి మడిచి, లోపలి అంచును కాళ్లు కలిసే చోటి నుంచి చీలమండ దాకా కుట్టాలి, వెనక అంచు ఇంకా కొంచెం పొడవుగా ఉంటే పై నాలుగు అంగుళాల్లో ముందు అంచును లాగి సరిపెట్టాలి. తరవాత ఒక కాలిని తిరగేసి, రెండో కాలి లోపలికి దూర్చి, మంచి వైపులు రెండూ ఎదురెదురుగా ఉండేలా, లోపలి కుట్లు ఒకదానికొకటి తగిలేలా పిన్ను పెట్టి, ముందు నడుము నుంచి వెనక నడుము దాకా ఒకే కుట్టుగా కుట్టాలి. ఈ కుట్టును మొదట పెద్ద కుట్లతో పచ్చికుట్టు వేసి, వేసుకుని చూడటం నా గట్టి సలహా. నడుముకు ఎలాస్టిక్‌ను పైపైన కట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చోండి, గొంతుకు కూర్చోండి, వంగి నేలను తాకండి. ముందు వైపు తొడ మొదట్లో అడ్డంగా ముడతలు లాగుతుంటే ముందు వంపును పావంగుళం లోతుగా కత్తిరించాలి. వెనక పట్టీ ఇంకా దిగుతుంటే, నడుము దగ్గర వదిలిన బట్టలో నుంచి వెనక అరంగుళం ఇవ్వవచ్చు. అక్కడ మడత తక్కువవుతుంది కాబట్టి ఎలాస్టిక్ సన్నది వాడాలి. కాళ్ల మధ్య బట్ట వేలాడుతుంటే కూర్చునే ఎత్తు ఎక్కువైందని అర్థం, నడుము దగ్గర ఆ మేరకు తగ్గించాలి. అన్నీ కుదిరాక అసలు కుట్టు వేసి, వంపు కింది భాగంలో మూడో వరస కూడా వేసి, అక్కడి అంచును పావంగుళానికి కత్తిరించేయాలి.

కాలి అంచును అంగుళం లోపలికి మడిచి, సాగదీస్తూ రెండు వరసలు కుట్టాలి. చేత్తో హెమ్మింగ్ చేసేవారు దారాన్ని బిగించకుండా వదులుగా వేయాలి.

నడుముకు ఒక అంగుళం వెడల్పు ఎలాస్టిక్ మంచిది. సన్నని ఎలాస్టిక్ ఎండాకాలంలో చెమటకు ఒరుసుకుని నడుము చుట్టూ ఎర్రని గీత పడేస్తుంది. నడుము కొలతలో మూడు అంగుళాలు తగ్గించి 31 అంగుళాలు కత్తిరించి, చివరలు అరంగుళం ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా కుట్టాలి. ఎలాస్టిక్‌నూ నడుము అంచునూ నాలుగేసి సమభాగాలుగా గుర్తించుకుని, గుర్తులు కలిసేలా లోపల పెట్టి, బట్టను దాని మీదికి మడిచి, ఎలాస్టిక్‌కు సూది తగలకుండా కింది అంచు వెంట సాగదీస్తూ కుట్టాలి. నిజానికి బజారు లెగ్గింగ్స్‌లోలాగా ఎలాస్టిక్‌ను బట్టకే కలిపి కుట్టేస్తే పని త్వరగా అవుతుంది గానీ, దాన్ని మళ్లీ మార్చడం ప్రయాసే.

ఉతికేటప్పుడు వేడి నీళ్లు, బ్లీచింగ్ వాడకూడదు, రెండూ లైక్రా బలాన్ని తీస్తాయి. మన బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ ఉన్న చోట సబ్బు సరిగా పోక నల్ల బట్ట మీద తెల్లని పొర కడుతుంది, కాబట్టి మరొక్కసారి జాడించాలి. మే నెల ఎండలో మిద్దె మీద ఆరేస్తే రంగుతో పాటు సాగుడు కూడా పోతుంది, తిరగేసి నీడలో ఆరేయండి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, మంచి కాటన్ లైక్రా కన్నా ముందు నడుములోని ఎలాస్టిక్కే వదులవుతుంది. అందుకే నడుము పట్టీ కుట్టేటప్పుడు లోపలి వైపు, వెనక మధ్య కుట్టు దగ్గర, ఒకటిన్నర అంగుళం ఖాళీ వదిలి, దాన్ని చేత్తో నాలుగు కుట్లు వేసి మూయండి. ఎలాస్టిక్ మార్చవలసి వచ్చినప్పుడు ఆ నాలుగు కుట్లు విప్పి, పాతదాన్ని కత్తిరించి, దాని కొసకే కొత్తదాన్ని పిన్నుతో కలిపి లాగితే, రెండోది అదే దారిన లోపలికి వెళ్లిపోతుంది.